బండి మీద పాత కాగితం: అసలుదే అతికించాలా, అచ్చు తీయించాలా?

మా ఇంట్లో అటక మీద ఒక రేకు పెట్టె ఉంది. నిండా నాన్న దాచుకున్న సినిమా పాటల పుస్తకాలు. ఆ తరం వాళ్లకు వాటి గురించి చెప్పక్కర్లేదు. హాలు బయట పది పైసలకో పావలాకో అమ్మేవాళ్లు. ముందు హీరో హీరోయిన్ల బొమ్మ, లోపల కథ సగం దాకా చెప్పి "తరువాయి వెండితెరపై చూడండి" అని ఆపేయడం, ఆ వెనక పాటలు. మూడేళ్ల కిందట నా బుల్లెట్‌కి మళ్లీ రంగు వేయించాల్సి వచ్చినప్పుడు నా కన్ను ఆ పెట్టె మీద పడింది. పాటల పేజీలు ట్యాంకు మీద అతికించి పైన క్లియర్ (రంగు లేని, అద్దంలాంటి వార్నిష్ పూత) కొట్టిస్తే చెన్నై మొత్తంలో అలాంటి బండి ఇంకోటి ఉండదని నా లెక్క.

అమ్మ మాత్రం "అక్షరాల మీద మోకాళ్లు ఆనించుకుని కూర్చుంటావట్రా?" అంది. విన్లేదు.

అది నవంబరు. ఈశాన్య రుతుపవనాలు మంచి ఊపు మీదున్నాయి. నేనూ నా స్నేహితుడూ కలిసి శనివారం తెల్ల జిగురుతో పేజీలు అతికించాం, ఆదివారం ఒక షెడ్డులో క్లియర్ కొట్టించాం. సోమవారం చూస్తే ట్యాంకు అద్దంలా మెరుస్తోంది. కాకపోతే పాటకి అవతలి పేజీలోని అక్షరాలు తిరగబడి ఇవతలికి కనిపిస్తున్నాయి. రెండు వారాలకు బుడగలు లేచాయి. నెల తిరిగేసరికి పెట్రోలు మూత చుట్టూ కాగితం పసుపచ్చగా ఉబ్బిపోయింది. చివరికి గీకించేశాను. పేజీలు పోయాయి, అవి మళ్లీ దొరకవు.

ఆ తర్వాత చెన్నైలో బండ్ల పనులకు పేరున్న పుదుపేటలో నెల్లూరు నుంచి వచ్చి స్థిరపడిన పెయింటర్ అన్న దగ్గర కూర్చుని ఒక్కో పద్ధతీ చూశాను. కొన్ని నా బండి మీదే చేయించాను. ఇదే కోరిక ఉన్నవాళ్లు ఏది ఎంచుకోవచ్చో నాకు తెలిసినంత మేరకు చెబుతాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నా: ఇంట్లో ఒక్కటే ఉన్న కాగితాన్ని బండికి అతికించకండి. స్కాన్ చేయించి నకలు వాడండి. ఏ పద్ధతి పట్టుకున్నా ఈ మాట మారదు.

మందం లెక్క

ఈ పనిలో సగం తగువు మందంతోనే. ఏ4 కాగితం సుమారు 100 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). పాటల పుస్తకాలకూ దినపత్రికలకూ వాడే న్యూస్‌ప్రింట్ 70 దాకా, అంటే దాదాపు తల వెంట్రుకంత. ఫొటో పేపరైతే 200 దాటుతుంది. ఇక హార్డనర్ (గట్టిపరిచే మందు) కలిపి కొట్టే పీయూ (పాలియురేథేన్) క్లియర్ రెండు కోట్లు, అంటే రెండు పూతలు, ఆరాక మిగిలేది 50, 60 మైక్రాన్లు. కాగితమే క్లియర్ కంటే మందం. అంచు దగ్గర మెట్టులా తేలుతుంది, వేలు పెడితే తగులుతుంది. దాన్ని సాపు చేద్దామని వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) రుద్దితే మెట్టు పోయేలోపే కాగితం బయటపడుతుంది. కాబట్టి రెండు కోట్లు కొట్టి, ఆరబెట్టి, రుద్ది, మళ్లీ రెండు కోట్లు... ఇలా రెండు మూడు సార్లు తిరగాలి. అలాగని ఒకేరోజు ఎడాపెడా కొట్టేస్తే లోపలి థిన్నర్ బయటికి పోలేక మెత్తగా ఉండిపోతుంది. తర్వాత కుంగుతుంది, పగులుతుంది.

పెయింటర్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎంతవుతుంది?" అని కాదు. "ఎన్నిసార్లు రుద్ది మళ్లీ కొడతావు అన్నా?" అని అడగండి. ఒక్కసారే అంటే ఇంకో షెడ్డు చూసుకోండి.

అసలు కాగితమే కావాలనుకుంటే

దీని అందం దీనిదే, ఒప్పుకుంటాను. చింపిన అంచు, పోగులు, అచ్చు దిగిన తీరు ఏ ప్రింటులోనూ రావు. అయితే కాగితానికి మూడు జబ్బులున్నాయి.

మొదటిది నీళ్లు. కాగితం గాలిలోని తేమని పీల్చుకుంటూనే ఉంటుంది. చెన్నైలో ఆ తేమకి లోటు లేదు. హార్డనర్‌లో ఉండే ఐసోసైనేట్‌కి నీళ్లు తగిలితే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. ఆ గ్యాసే చిన్న చిన్న బుడగలై క్లియర్‌లో ఇరుక్కుపోతుంది. నా ట్యాంకు మీద జరిగింది ఇదే. పుదుపేట అన్న గోటితో ఒక బుడగ నొక్కి చూసి "పేపరు నీళ్లు తాగుండాది సార్" అని ఊరుకున్నాడు. జిగురు పైకి ఆరినట్టు కనిపించింది గానీ కింద పచ్చిగానే ఉంది.

రెండోది, కాగితం పారదర్శకమైపోవడం. బజ్జీలు కట్టిన పేపరు నూనె పీల్చాక అవతలి వార్త ఇవతలికి కనిపిస్తుంది కదా, క్లియర్ తాగిన కాగితమూ అంతే. కాగితం తెల్లగా కనిపించేది దాని పోగుల మధ్య ఉన్న గాలి వల్ల. ఆ సందుల్లోకి క్లియర్ దిగితే తెలుపు పోతుంది. అప్పుడు కింద వేసిన రంగు, వెనక ఉన్న అచ్చు రెండూ పైకి తేలతాయి. రెండు వైపులా అచ్చున్న పాటల పుస్తకం ఇందుకే పనికిరాలేదు. ఒకవైపే అచ్చు ఉన్నవి చాలా నయం. శివకాశి అగ్గిపెట్టె లేబుళ్లు, టపాకాయల డబ్బాల కాగితాలు వెనక ఖాళీగా ఉంటాయి, పైగా పల్చన. నిజం కాగితమే అతికించి తీరాలంటే నేను వాటికే ఓటేస్తాను. రంగులూ ధగధగలాడతాయి.

మూడోది, కాగితం నీళ్లకు అన్ని వైపులా ఒకేలా సాగదు. పోగులు పడుకున్న దిక్కున తక్కువ, దానికి అడ్డంగా చాలా ఎక్కువ సాగుతుంది. ఆరాక ముడతలు పడేది అందుకే. ఏ దిక్కో తెలియాలంటే ఒక మూల చింపి చూడండి: పోగుల వెంట తిన్నగా చిరుగుతుంది, అడ్డంగా లాగితే వంకర పోతుంది. పెద్ద పేజీని ట్యాంకులాంటి గుండ్రటి చోట ఒకే ముక్కగా పరచడం దేవుడి తరం కూడా కాదు. చిన్న ముక్కలుగా, కత్తెరతో కాకుండా చేత్తో చింపి వేస్తే ఒంపుకు ఒదుగుతాయి. చింపిన అంచు పల్చబడుతుంది కాబట్టి మెట్టు కూడా తక్కువగా తేలుతుంది.

జిగురు దగ్గర కక్కుర్తి పడకండి. మామూలు తెల్ల జిగురు ఎండకి మెత్తబడుతుంది, తడికి ఉబ్బుతుంది. ఆర్ట్ షాపుల్లో దొరికే యాక్రిలిక్ మీడియం ఆరాక నీళ్లకు లొంగదు. దాన్ని ముందు కాగితానికి రెండు వైపులా పల్చగా పూసి ఆరనివ్వాలి. ఇలా చేస్తే తర్వాత క్లియర్ లోపలికి దిగదు, తెలుపు నిలుస్తుంది. బండి మీద తెల్ల బేస్ (అడుగు రంగు), దాని మీద ఒక కోటు క్లియర్, అది బాగా ఆరాక 800 నంబరు వాటర్ పేపర్‌తో మెరుపు చచ్చేదాకా రుద్దుడు. ఆ గరుకు మీద మళ్లీ మీడియం రాసి, కాగితం పరిచి, రబ్బరు ముక్కతో మధ్య నుంచి అంచులకు గాలి తోసేయాలి. ఆ తర్వాత కనీసం రెండు రోజులు ఆగాలి. నేనైతే రెండోసారి సైడ్ బాక్సు (సీటు కింద పక్కన ఉండే డబ్బా) రేకుని ఇంటికి తెచ్చి, ఏసీ గదిలో బట్టల బీరువా పక్కన పెట్టాను. ఇంట్లో దాని మీద జోకులు ఇప్పటికీ నడుస్తున్నాయి.

క్లియర్ మొదటి రెండు కోట్లూ పొగమంచులా పల్చగా చల్లించండి. తడిసి ముద్దయ్యేలా కొడితే అందులోని థిన్నర్ అచ్చుని కరిగిస్తుంది. లేజర్ ప్రింటు పొడి నిజానికి ప్లాస్టిక్కే, థిన్నర్ తగిలితే జారుతుంది. మామూలు ఇంక్‌జెట్ రంగులు జిగురులోని నీళ్లకే పాకిపోతాయి, పిగ్మెంట్ ఇంకైతే తట్టుకుంటుంది. ఏదైనా సరే, అదే ప్రింటు, అదే జిగురు, అదే క్లియర్ ముందు ఒక పనికిరాని రేకు ముక్క మీద చేయించి వారం పాటు మేడ మీద ఎండలో పడేయండి. ట్యాంకు చెప్పాల్సిన చెడ్డ వార్త ఆ రేకు ముందే చెప్పేస్తుంది. ఇలాంటి ప్రయోగాలకు పాత పత్రికలు కావాలంటే సెంట్రల్ స్టేషన్ దగ్గర అల్లికుళం కాంప్లెక్సుకు వెళ్లండి. 1985లో మూర్ మార్కెట్ కాలిపోయాక పాత పుస్తకాల కొట్లు అక్కడికే చేరాయి.

న్యూస్‌ప్రింట్‌కి ఇంకో సంగతి ఉంది. దానిలోని లిగ్నిన్ (చెక్క నుంచి వచ్చే పదార్థం) ఎండకు పసుపెక్కుతుంది. మంచి క్లియర్‌లో అతినీలలోహిత కిరణాలను ఆపే మందు ఉంటుంది గానీ అది పూర్తిగా ఆపదు. పసుపెక్కడమే మీకు ఇష్టమైతే సరే, పాత వాసన కొట్టినట్టు ఉంటుంది.

నీళ్లలో జారే డెకాల్

నా అసలు మొగ్గు దీనికే. ప్రత్యేకమైన కాగితం మీద ప్రింటు తీసి, గోరువెచ్చని నీళ్లలో ముంచితే పైన ఉన్న పల్చటి పొర జారి చేతికొస్తుంది. ఆ పొరనే బండి మీద పరుస్తాం. కాగితం నీళ్లలోనే మిగిలిపోతుంది కాబట్టి పైన చెప్పిన మూడు జబ్బులూ ఉండవు. మందం చాలా తక్కువ, ఒకటి రెండు విడతల క్లియర్‌తోనే అంచు మాయమవుతుంది. గుండ్రటి చోట వేడి నీళ్లలో ముంచిన గుడ్డతో అద్దితే మెల్లగా ఒదుగుతుంది.

చిక్కులు రెండు. మామూలు ప్రింటర్లు తెలుపు అచ్చు వేయవు, పొర పారదర్శకం. కాబట్టి కింద తెల్లటి లేదా లేత మీగడ రంగు బేస్ తప్పనిసరి. నల్ల ట్యాంకు మీద నేరుగా వేస్తే బొమ్మ చీకట్లో కలిసిపోతుంది. రెండోది, ఇదీ నీళ్ల పనే కాబట్టి పొర కింద చుక్క నీరు మిగిలినా మళ్లీ బుడగే. ఒక రోజంతా ఆరనివ్వండి. వానాకాలమైతే ఇంకో రోజు.

నకలులో కాగితం జీవం ఉండదు కదా అని నేనూ అనుకున్నాను. ఎక్కువ రిజల్యూషన్‌తో స్కాన్ చేయిస్తే మడతలు, తుప్పు పట్టిన పిన్ను మరక, నాన్న పెన్సిలుతో పెట్టిన టిక్కు గుర్తు అన్నీ వచ్చాయి. స్కాన్ చేసేవాళ్లు మరకల్ని "క్లీన్" చేస్తామంటారు, వద్దని గట్టిగా చెప్పండి.

స్టిక్కర్ మీద క్లియర్

పుదుపేటలో స్టిక్కర్ షాపులకు కొదవ లేదు, పని గంటల్లో అయిపోతుంది. చవక కూడా. కానీ స్టిక్కర్‌లోనూ రెండు జాతులున్నాయి. వినైల్ అంటే స్టిక్కర్‌కి వాడే ప్లాస్టిక్ పొర. మామూలు క్యాలెండర్డ్ వినైల్‌ని తయారీలో లాగి పల్చన చేస్తారు, కొన్నాళ్లకు అది వెనక్కి ముడుచుకుంటుంది. అంచు చుట్టూ క్లియర్ పగిలి సన్న గీత తేలుతుంది. కాస్ట్ వినైల్ అలా ముడుచుకోదు, మందం కూడా 50 మైక్రాన్ల దగ్గరే ఉంటుంది. షాపులో "కాస్ట్‌దేనా?" అని అడగండి. ప్రింటు తీసిన వెంటనే క్లియర్ కొట్టించకండి, ఇంకులోని సాల్వెంట్ బయటికి పోవడానికి ఒకటి రెండు రోజులు వదిలేయాలి.

నిజం చెప్పాలంటే స్టిక్కర్ వేసుకునేవాళ్లు దాని మీద క్లియర్ కొట్టించడమే నాకు అంతగా నచ్చదు. పైన లామినేషన్ వేసి వదిలేస్తే విసుగొచ్చినప్పుడు పీకేసుకోవచ్చు. ఏడాదికోసారి మనసు మారేవాళ్లకు ఇదే సుఖం. తుది నిర్ణయం తీసుకోలేకపోతున్నారా? ముందు స్టిక్కర్‌తో ఆరు నెలలు తిరిగి చూడండి.

చేత్తో గీయించడం

ఫ్లెక్సీలు రాకముందు మౌంట్ రోడ్డు పొడవునా చేత్తో గీసిన సినిమా బ్యానర్లు, కటౌట్లు నిలబడి ఉండేవి. ఆ చేతివాటం ఉన్న కళాకారులు ఇప్పటికీ కొందరు మిగిలారు, కొందరి పిల్లలు ఎయిర్‌బ్రష్ పట్టారు. చిరిగిన కాగితం, దాని అంచు కింద సన్నటి నీడ, పైకి లేచిన మూల, అన్నీ రంగుతోనే గీస్తారు. ముట్టుకుంటే తప్ప కాగితం కాదని తెలియదు. మందం గొడవ లేదు, తేమ లేదు, ఎన్నేళ్లైనా ఉంటుంది. అన్నిటికన్నా ఖరీదు మాత్రం ఇదే, మనిషిని బట్టి పని. చిన్న అక్షరాల పాట మొత్తం రాయించడం కుదరదు, శీర్షికా బొమ్మా అయితే బ్రహ్మాండంగా వస్తుంది. డబ్బు అడ్డు కాకపోతే ట్యాంకుకి నేను ఇదే చెబుతాను.

బండిలో ఏ చోటు?

ఏ పద్ధతి అన్నదానికంటే ఎక్కడ వేస్తున్నారన్నది ముఖ్యమని నాకు ఆలస్యంగా తెలిసింది. ట్యాంకు అందరి కంటా పడుతుంది, అన్ని దెబ్బలూ అదే తింటుంది. మూత దగ్గర పెట్రోలు చిందుతుంది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో మొదలై ఇప్పుడు దాదాపు అన్ని బంకుల్లోనూ అదే పోస్తున్నారు. ఇథనాల్ నీటిని పీల్చుకునే గుణమున్నది, కొన్ని రంగులకు చెడుపు కూడా. హార్డనర్ కలిపిన క్లియర్ పెట్రోలును తట్టుకుంటుంది, హార్డనర్ లేకుండా ఆరే పాతకాలపు ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లక్కర్ తట్టుకోదు. కానీ ఎంత మంచి క్లియర్ అయినా చిన్న పగులు వచ్చిందంటే కింద ఉన్న కాగితం లాంతరు వత్తిలా పీల్చుకుంటుంది, మరక అరచేయంత పాకుతుంది. అందుకే కాగితమైతే మూతకి కనీసం రెండంగుళాల దూరం, బోల్టు కన్నాలకూ రేకు అంచులకూ అంగుళం దూరం వదలాలి. డెకాల్‌కి ఈ వత్తి గుణం లేదు కాబట్టి కొంచెం చొరవ చేయొచ్చు.

ముందు మడ్‌గార్డు వద్దే వద్దు, రాళ్లు తగిలి పెచ్చులూడతాయి. సైడ్ బాక్సులు మంచి చోటు: దాదాపు చదునుగా ఉంటాయి, ఎండ తక్కువ, పెట్రోలు పడదు, పాడైతే అది ఒక్కటే విప్పి మళ్లీ చేయించుకోవచ్చు. కొత్త బండ్లలో అవి ప్లాస్టిక్‌వి ఉంటాయి, వాటికి ముందు ప్లాస్టిక్ ప్రైమర్ కొట్టకపోతే మొత్తం పొరగా ఊడొస్తుంది.

హెల్మెట్ మీద వేయొచ్చా అని చాలామంది అడుగుతారు. ప్లాస్టిక్ చిప్ప ఉన్న హెల్మెట్‌ని థిన్నర్ లోపల్నుంచి బలహీనపరుస్తుంది, పైకి ఏమీ తెలియదు. తలకి పెట్టుకునే వస్తువుతో సరదా వద్దు. మామూలు స్టిక్కర్ కూడా హెల్మెట్ కంపెనీ ఒప్పుకుంటేనే.

పాత నోట్లు అతికిస్తామనేవాళ్లు ఇంకొందరు. అది నూలు పీచుతో చేసిన కాగితం, బాగానే నిలుస్తుంది. కానీ చెల్లే నోట్లను అలా పాడుచేయొద్దని రిజర్వ్ బ్యాంకు ఎప్పటినుంచో చెబుతోంది. 2016లో రద్దయిన 500, 1000 నోట్లైతే 2017 చట్టం ప్రకారం పదికి మించి దగ్గర ఉంచుకోవడమే నేరం. ట్యాంకు నిండా పరిచి రోడ్డు మీద తిప్పడం కంటే మంచి సాక్ష్యం పోలీసులకు ఇంకేం కావాలి! ఆర్సీలో బండి రంగు రాసి ఉంటుందని కూడా మరవకండి. మొత్తం రంగే మారిపోయేలా చేయిస్తే ఆర్టీవోలో మార్పించుకోవాలి.

ఇంట్లోనే డబ్బా స్ప్రేతో చేసేద్దామనుకునేవాళ్లకు ఒక మాట. హార్డనర్ కలిసిన క్లియర్ పొగలోని ఐసోసైనేట్ ఊపిరితిత్తులకు చాలా చెడ్డది. ఒకసారి పడకపోవడం మొదలైతే ఆ తర్వాత కొంచెం తగిలినా ఆయాసం వస్తుంది. జేబురుమాలు కట్టుకుంటే ఆగేది కాదు. జిగురు, కాగితం వరకు మీరు చేసుకోండి, స్ప్రే గన్ పని షెడ్డుకి వదిలేయండి. ఆ షెడ్డులోనూ మాస్కు పెట్టుకునే పెయింటర్‌నే వెతకండి. తన ఊపిరి చూసుకునేవాడు మీ రేకునీ చూసుకుంటాడని నా అనుభవం.

కాలం సంగతి: చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ పని పెట్టుకోకండి. ఫిబ్రవరి, మార్చి మధ్యాహ్నాలు బాగుంటాయి. మేలో చేయిస్తే తేమ సరే, వేడికి క్లియర్ పరుచుకునేలోపే గట్టిపడి నారింజ తొక్కలా తేలుతుంది. అప్పుడు నెమ్మదిగా ఆరే థిన్నర్ వాడమనండి.

ఇప్పుడు నా బుల్లెట్ ట్యాంకు ముదురు మెరూన్, దాని మీద ఒక్క అక్షరం లేదు. ఎడమ సైడ్ బాక్సు మీద పాటల పుస్తకం అట్ట డెకాల్‌గా ఉంది, కుడివైపు శివకాశి లేబుళ్లు నిజం కాగితమే. రెండూ రెండు వానలు చూశాయి. కుడివైపు ఒక మూల సన్నటి తెల్ల గీత మొదలైంది, ఎడమవైపు ఏమీ లేదు. అమ్మ మొన్న ఎడమ బాక్సు ముందు వంగి "తరువాయి వెండితెరపై" అని చదివి, మోకాలు ఎంత దూరంలో ఉంటుందో జానతో కొలిచి చూసుకుని లోపలికి వెళ్లింది.